హోల్డాన్

కార్గో ఆఫీసు వెనుక, అరిగిపోయిన టైర్ల సందున
ఐదింటిని ఈని నాలుగింటిని పోగొట్టుకున్నది వాళ్లమ్మ.
మిగిలినదాన్ని టిమ్ మిషను సంచిల వేసుకొని
లాస్ట్ ట్రిప్పు దిగి ఇంటికి తెచ్చిన.
తండ్రి సుబేదారి డాక్టరు గారి లాబ్రడారని డిపోల పుకారు.
ఒక చెవి ఆ పుకారును నమ్మి కిందికి వాలింది,
ఇంకో చెవి నమ్మక నిక్కి చూస్తనే ఉన్నది.

ఎర్రగ కాలిన ఒళ్లు, అక్కడక్కడ నల్ల నువ్వులు,
వీపు మీద వేలితో పొడిచినట్టు రెండు తెల్ల చుక్కలు.
"సర్వపిండి!" అన్నది మా చైత్ర.
మూడొద్దులకు అరిగి, సర్వ అయింది.

నయీంనగర్‌ల ఈ ఇల్లు కిరాయికి అడగవోయిన్నాడు
కౌసల్యమ్మ చేటల బియ్యం చెరుగుకుంట
"మీరు ఏమోళ్లు బిడ్డా?" అన్నది.
నేనొకటి, ఆయనొకటి.
ఏది చెప్పినా సగం అబద్ధం.
"ఆర్టీసోళ్లం" అన్నడు మా ఆయన.
ఆమె మళ్ల అడగలే.
అడగకపోవుడంటే మరిచిపోవుడు కాదు.

సర్వను చూసి మెట్ల మీదనే ఆగింది.
"ఇదేం జాతి?"
"సర్వ" అన్నది చైత్ర.
"ఛీ" అన్నది కౌసల్యమ్మ.
ఆ ఒక్క మాట మాత్రం
ఎవరూ నేర్పకుండనే వచ్చేసింది దానికి.

ఫోన్ల ఒకాయన ట్రాక్‌సూటు తొడుక్కొని
సిట్ అంటడు, స్టే అంటడు.
ఆయన కుక్క ఇస్త్రీ చేసిన అంగీ లెక్క కూసుంటది.
మాది ఆయన బొమ్మను నాకింది.
కూసో అంటే పండుకున్నది,
పండుకొమ్మంటే కోడి లివరు ముక్క గుంజుకొని
మంచం కిందికి పోయింది,
పోతపోత నా యూనిఫాం మీద ఉచ్చ పోసింది.
"నాలుగు పీకితే అదే వస్తది" అన్నడు మా ఆయన,
అని, తన పళ్లెంల బొక్క తీసి దానికే వేసిండు.

ఆ పొద్దు డబుల్ డ్యూటీ చేసి వచ్చిన.
జీరో టికెట్లు కొట్టి కొట్టి వేళ్లు వంగుత లేవు.
గేటు తీసుడే ఆలస్యం, సర్వ రోడ్డు మీదికి ఉరికింది,
అటు నుంచి ఇసుక ట్రాక్టరు.
పేరు యాదికి రాలే,
స్టే రాలే, ఆగు రాలే.
పన్నెండేండ్ల సంది బస్సులు ఆపిన గొంతు
దానంతటదే లేచింది:
"హోల్డాన్!"

సర్వ ఆగింది.
ట్రాక్టరాయన గూడ బ్రేకు తొక్కిండు.
అల్లంగడ్డలు కొంటున్న ముసలాయన
చేతిల పైసలు పట్టుకొని అట్లనే నిలబడ్డడు.
నాకేమో మోకాళ్లల్ల సత్తువ లేదు,
గేటు పట్టుకొని "రైట్, రైట్" అన్న.
అందరూ కదిలిన్రు.

ఇగ అవ్వే మాటలు.
గిన్నె ముంగట హోల్డాన్.
మెట్ల కాడ హోల్డాన్.
రైట్ అనేదాక చొంగ కారుస్త కూసుంటది,
కండ్లు మాత్రం నా నోటి మీదనే.

నిన్న పొద్దుగాల ఐదింటికి పరకాల సర్వీసు.
వెంట పడితే గేటు కాడ హోల్డాన్ చెప్పి ఉరికిన.
గూడెప్పాడ్ క్రాసు కాడ బస్సు ఆగినంక
కడుపుల ఏదో జారినట్టయింది.
రైట్ చెప్పలే.

ఫోన్ కలిసేదాక మూడు సార్లు చేసిన.
"చైత్రా, సర్వ ఏది?"
"ఇంట్లనే ఉన్నది మమ్మీ.
గేటు కాడ చలికి వణుకుతుంటె
కౌసల్యమ్మ ముగ్గు వెయ్యవోయి చూసిందట.
ఛీ అంటె కదల్లేదట, పో అంటె కదల్లేదట.
ముగ్గు చిప్ప కింద పెట్టి
ఇటుఅటు చూసి
రైట్ రైట్ అన్నదట.
ఇప్పుడు వాళ్ల వంటింట్ల ఉన్నది,
పిలిస్తె వస్త లేదు."

చెవి కాడ ఫోను అట్లనే పెట్టుకొని నిలబడ్డ.
వెనుక సీట్ల ఎవరో దగ్గిన్రు.
పాలక్యానాయన గడియారం చూసుకున్నడు.
డ్రైవరు సారయ్య అద్దంల నన్నే చూస్తున్నడు,
గేరు మీద చెయ్యి పెట్టి,
ఎంతసేపటి సందో.